అదే రాగిజావ, ఆమెకు తగ్గింది, నాకు పెరుగుతోంది!

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. షుగర్ వచ్చి ఆరేళ్లయింది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. మా తోడికోడలు రోజూ పొద్దున రాగిజావ తాగి షుగర్ తగ్గించుకుంది. నేనూ అదే తాగుతుంటే రెండు గంటలకి 220 చూపిస్తోంది. ఉమ్మితో జీన్ టెస్ట్ చేసి, మన ఒంటికి సరిపడే డైట్ చెప్తామని ఒక కంపెనీవాళ్లు పదిహేను వేలు అడుగుతున్నారు. చేయించుకోమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దండీ, ఆ డబ్బు దాచుకోండి. అయితే మీరు గమనించిన తేడా మాత్రం నిజమే. 2015లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 800 మందికి వారంపాటు షుగర్ కొలిచే సెన్సర్లు పెట్టి చూస్తే, ఒకే తిండికి ఒకరికి షుగర్ బాగా పెరిగింది, ఇంకొకరికి పెద్దగా కదల్లేదు. 2020లో వచ్చిన ‘ప్రెడిక్ట్’ అనే ఇలాంటి అధ్యయనంలోనైతే ఒకేలాంటి జన్యువులున్న కవలల్లోనూ తేడాలు కనిపించాయి. మరి జన్యువులు ఒకటైనా ఫలితం వేరుగా వస్తున్నప్పుడు, ఉమ్మి ఒక్కటీ చూసి మీ కంచంలో ఏముండాలో ఎలా చెప్తారు? అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో 609 మందికి ఏడాదిపాటు, కొందరికి కొవ్వు తక్కువ తిండి, కొందరికి పిండిపదార్థాలు తక్కువ తిండి ఇచ్చి చూశారు. ఎవరికి ఏది నప్పుతుందో జన్యువులను బట్టి చెప్పడం కుదరలేదని 2018లో తేల్చారు. అది బరువు మీద చేసిన పరిశోధన, షుగర్ మీద కాదు, కానీ ఇలాంటి టెస్టులు అమ్మేవాళ్ల మాట నమ్మేముందు తెలిసి ఉండాల్సిందే.

మీకు కావలసిన ఆధారం మీ గ్లూకోమీటర్‌లోనే దొరుకుతుంది. రాగులు మంచివే, కానీ మెత్తటి పిండిని ఉడికించి పల్చగా తాగేస్తే నమిలే పనే ఉండదు, త్వరగా అరిగి గబగబా రక్తంలో కలుస్తుంది, అందులో బెల్లం పడితే ఇక చెప్పక్కర్లేదు. మీ తోడికోడలు ఎంత తాగుతోందో, మజ్జిగ కలుపుతోందో బెల్లం వేస్తోందో, ఏ మందులు వాడుతోందో, తర్వాత ఎంత నడుస్తోందో అడిగారా?

ఇలా చేసి చూడండి. ఒకరోజు ఇప్పటి జావే, అదే గ్లాసుతో తాగి, తాగక ముందు ఒకసారి, మొదటి గుక్క నుంచి రెండు గంటలకి ఇంకోసారి చూసుకోండి. ఇంకోరోజు అంతే పిండితో రొట్టె చేసుకుని, ముందు బీన్స్ కూరో దోసకాయ ముక్కలో తిని, తర్వాత పప్పుతో రొట్టె తినండి. టైము, మందు, నడక మాత్రం మార్చొద్దు. ఒక్కసారి చూసి తీర్పు చెప్పేయకండి, మంచి మీటర్‌లో కూడా 15 శాతం దాకా అటూఇటూ రావచ్చు, రాత్రి నిద్ర సరిగ్గా లేకపోయినా అంకె మారుతుంది, అందుకని ఒక్కొక్కటీ రెండు మూడు సార్లు చూడాలి. ఆ అంకెలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుని, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్ట్), కిడ్నీ రిపోర్టులతో కలిపి డైటీషియన్‌కి చూపించండి. నిజంగా మీకోసం డైట్ రాయాలంటే కావలసినవి ఇవి. రెండు గంటల అంకె తరచూ 200 దాటుతుంటే మాత్రం ప్రయోగాలు పూర్తయ్యేదాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి, మందు డోసు మీరే మార్చుకోకండి. ఇంకో మాట, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో విటమిన్ బి12 తగ్గే అవకాశం ఉంటుంది. కాళ్లలో తిమ్మిర్లు, నీరసం ఉంటే షుగర్ వల్లేలే అని ఊరుకోకుండా బి12 టెస్ట్ రాయమని డాక్టర్‌ని అడగండి.