చక్కెర వేయని డేట్స్ బార్ తింటే షుగర్ ఎందుకు పెరిగింది?

ప్రశ్న: మాది కావలి. మా వారికి 46 ఏళ్లు, షుగర్ వచ్చి ఆరేళ్లయింది. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన బిళ్ల పొద్దునొకటి, రాత్రొకటి వేసుకుంటారు. రొయ్యల గుంటల దగ్గర పని, చాలా రాత్రులు అక్కడే కాపలా ఉంటారు. బయట స్వీట్లు మాన్పించాలని నాలుగు నెలలుగా నేనే ఇంట్లో బార్లు చేస్తున్నాను. 300 గ్రాముల ఖర్జూరం, 150 గ్రాముల కిస్‌మిస్, 200 గ్రాముల కేకుల్లో వాడే చాక్లెట్, జీడిపప్పు, ఓట్స్ వంద వంద గ్రాములు కలిపి ఓవెన్‌లో పెట్టి 16 ముక్కలు కోస్తాను. చక్కెర, బెల్లం చిటికెడు కూడా వేయను. రోజూ రెండు తింటారు, లో షుగర్ అయితే పనికొస్తుందని ఇంకొకటి బ్యాగులో పెడతాను. మొన్న మూడు నెలల షుగర్ టెస్టులో 7.1 ఉన్నది 8.4 అయింది. డాక్టర్ గారు తిండిలో ఏం మారిందని అడిగితే ఏమీ మారలేదని చెప్పాం. డేట్స్, చాక్లెట్ మంచివే కదా?

జవాబు: అమ్మా, మీరు కొలతలు గ్రాముల్లో రాయడం వల్ల నాకు పని సులువైంది. అందరూ పిడికెడు, గుప్పెడు అని రాస్తారు, దాంతో ఏ లెక్కా తేలదు.

చక్కెర మీరు డబ్బాలోంచి తీసి వేయలేదు, నిజమే, కానీ అది ఖర్జూరంలోనే ఉంది. గింజ తీసిన ఎండు ఖర్జూరం బరువులో మూడింట రెండు వంతులు చక్కెరే. కిస్‌మిస్ కూడా దాదాపు అంతే. నాలుగు కిలోల ద్రాక్ష ఎండితే కిలో కిస్‌మిస్ వస్తుంది, పోయింది నీళ్లు మాత్రమే, తీపి అంతా అందులోనే మిగిలింది. మీ 300 గ్రాముల ఖర్జూరంలో 195 గ్రాములు, కిస్‌మిస్‌లో 90, ఇక కేకుల చాక్లెట్ మామూలు రకమైతే సగం చక్కెరే కాబట్టి ఇంకో వంద వేసుకోండి. మొత్తం 385 గ్రాములు. పదహారు ముక్కలకు పంచితే ఒక్కోదాంట్లో 24 గ్రాములు, అంటే ఆరు చెంచాలు. రోజుకు రెండంటే పన్నెండు చెంచాలు, ఓట్స్ పిండిపదార్థం కలపకుండానే. ఆయన కాఫీలో అన్ని చెంచాలు వేయడానికి మీకు చెయ్యి రాదు కదా!

8.4కి బార్లు ఒక్కటే కారణమని నేననను. రాత్రి డ్యూటీలు, వేళ తప్పిన భోజనం, మరచిపోయిన బిళ్ల, ఇవన్నీ చూడాలి. కానీ నాలుగు నెలల్లో కొత్తగా వచ్చిన మార్పు ఇదే, కాబట్టి ముందు మీ డాక్టర్ గారికి ఈ సంగతి చెప్పండి. ఎందుకంటే ఆయన ఏమీ మారలేదనుకుని బిళ్ల డోసు పెంచి, ఇటు మీరు ఇది చదివి బార్లు ఒక్కసారిగా ఆపేస్తే, గుంట గట్టు మీద అర్ధరాత్రి షుగర్ పడిపోవచ్చు. నాకు టెన్షన్ అంతా అక్కడే.

అసలు నన్ను ఎక్కువగా కలవరపెట్టింది బ్యాగులో పెట్టే ఆ బారే. గ్లిమిపిరైడ్ వాడేవాళ్లు వేళకు తినకపోతే షుగర్ 70 కంటే కిందికి పోవచ్చు. వెంటనే చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, కారణం లేని చిరాకు, ఆ తర్వాత మాట తడబడటం. అప్పుడు కావలసింది నిమిషాల్లో రక్తంలోకి చేరే తీపి. ఆరు చెంచాల చక్కెర ఉందని మీరే చెప్పారుగా, మరి బార్ ఎందుకు పనికిరాదు అంటారా? చాక్లెట్‌లోని కొవ్వు, జీడిపప్పు నూనె, ఓట్స్ పీచు కలిసి కడుపులోంచి తీపిని మెల్లగా వదులుతాయి. ఆదుకోవాల్సిన సమయంలో ఆలస్యం చేసి, ఆ తర్వాత అక్కర్లేనప్పుడు షుగర్ పెంచుతుంది. పైగా చేతులు వణికే మనిషి, గట్టిపడిన ఖర్జూరం ముద్దను చీకట్లో నమిలి మింగాలి.

దాని బదులు గ్లూకోజ్ పౌడర్ చిన్న ప్యాకెట్లు కట్టి పెట్టండి, ఒక్కోదాంట్లో 15 గ్రాములు, అంటే నిండుగా మూడు చెంచాలు. నీళ్లలో కలుపుకుని తాగాలి, 15 నిమిషాలాగి మీటర్‌తో చూసుకోవాలి, ఇంకా 70 కంటే తక్కువుంటే మళ్లీ తాగాలి. 70 దాటాక ఏదైనా టిఫిన్ తినాలి, అప్పుడు మీ బార్ తిన్నా నేను కాదనను. మామూలు చక్కెర చాలదా అంటే చాలామందికి చాలుతుంది, కానీ ఆయన బిళ్లలో వోగ్లిబోస్ గాని అకార్బోస్ గాని కలిసి ఉంటే, చక్కెర పేగుల్లో విడిపోకుండా ఆ మందే అడ్డుపడుతుంది, గ్లూకోజే కావాలి. బిళ్ల అట్ట వెనక పేర్లు ఒకసారి చదవండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయాలి, ఈ మాట గుంటల దగ్గర ఆయనతో పనిచేసే వాళ్లకూ చెప్పి ఉంచండి. ఈ బిళ్ల ప్రభావం గంటల తరబడి ఉంటుంది, ఒకసారి తేరుకున్నా మళ్లీ పడొచ్చు, అందుకే లో అయిన రాత్రి ఒంటరిగా పడుకోకూడదు, కారణం కనుక్కునేందుకు మర్నాడే డాక్టర్‌కు చూపించాలి.

బార్లు పూర్తిగా మానక్కర్లేదు, తయారీ మార్చండి. వేయించి పొట్టు తీసిన వేరుశనగలు 200 గ్రాములు, నువ్వులు 100, గింజ తీసిన చిన్న ఖర్జూరాలు ఎనిమిదే, 70 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్ 100 గ్రాములు, తీపి లేని కోకో పొడి రెండు చెంచాలు. ఖర్జూరాన్ని వేడినీళ్లలో నానబెట్టి మెత్తగా నూరండి, చాక్లెట్ కరిగించేటప్పుడు గరిటెకు తడి లేకుండా చూసుకోండి, చుక్క నీరు పడినా ముద్దకడుతుంది. రెండు కోడిగుడ్లు గిలకొట్టి కలిపి, 160 డిగ్రీల్లో ఇరవై నిమిషాలు ఉంచి, ఈసారి 24 ముక్కలు కోయండి. ఒక్కోదాంట్లో చక్కెర మూడు గ్రాముల దగ్గర ఉంటుంది. కేలరీలు మాత్రం 110 దాకా ఉంటాయి కాబట్టి రోజుకు ఒకటే, అదీ భోజనం చివర, అన్నం ఒక గరిటె తగ్గించి. తిన్న రెండు గంటలకు మీటర్‌తో చూడండి, 180 దాటుతుంటే ఆయన ఒంటికి అదీ ఎక్కువే అన్నమాట.

షుగర్ ఫ్రీ చాక్లెట్ కొనబోతే లేబుల్ మీద మాల్టిటాల్ (చక్కెర బదులు వేసే తీపి పదార్థం) అని ఉందేమో చూడండి, ఎక్కువ తింటే కడుపుబ్బరం, విరేచనాలు. తేనె, బెల్లం పొడి, కండెన్స్‌డ్ మిల్క్, టూటీఫ్రూటీ, ఇవన్నీ చక్కెర లెక్కలోకే వస్తాయి. ఇంకొకటి, ఆయనకు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) ఎప్పుడు చేయించారో మీరు రాయలేదు. కిడ్నీ పనితీరు తగ్గి ఉంటే ఖర్జూరం, కిస్‌మిస్, చాక్లెట్, వేరుశనగలు నాలుగింట్లోనూ ఉండే పొటాషియం ఇబ్బంది పెట్టొచ్చు, అలాగైతే ఈ కొత్త బార్ కూడా డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టకండి.

మూడు నెలల షుగర్ టెస్టు మళ్లీ మూడు నెలలకు చేయించండి, అంతకుముందు చేయిస్తే పాత బార్ల లెక్క కూడా అందులో కలుస్తుంది. గ్లూకోజ్ ప్యాకెట్లు మాత్రం ఈ సాయంత్రం ఆయన గుంటలకు బయలుదేరే లోపే బ్యాగులో ఉండాలి.