తోటలో కోతి ఎందుకు బతకదు?

ప్రశ్న: ఏలూరు దగ్గర మా పొలంలో ఆయిల్‌పామ్ వేశాం. బోర్నియో దీవిలో అడవి కొట్టి ఈ తోటలే వేయడంతో కోతులు అంతరించిపోతున్నాయట. తోటలోవీ చెట్లే కదండీ, అక్కడ బతకలేవా?

జవాబు: బతకలేవండీ. మీరు వేసింది పొలంలో, అక్కడ కొట్టింది అడవిని. ఆ దీవిలోనే మలేసియాకు చెందిన సబా రాష్ట్రంలో కినబటాంగన్ నది వెంట ఉండే పొడుగుముక్కు కోతినే చూడండి. పగలు లోపలి అడవిలో లేత ఆకులు, పచ్చికాయలు తిని, సాయంత్రానికి గుంపులుగా ఏటి ఒడ్డు చెట్లెక్కి నిద్రపోతుంది. ఆవుకున్నట్టు దానికీ గదుల కడుపు. రకరకాల ఆకులు అందులో పులిసి అరగాలి. ఆయిల్‌పామ్ తోటలో ఆ ఆకులెక్కడివి? కాలివేళ్ల మధ్య పొర ఉండి బాగా ఈదుతుంది, కానీ ఈది వేరే అడవికి పోదామంటే ఏట్లో మొసళ్లు. ఆ నది వెంట 2005లో ప్రకటించిన అభయారణ్యమూ ముక్కలుగానే ఉంది. ఆ ముక్కలు కలిసేలా ఒడ్డు పొడవునా అడవి చెట్లు తిరిగి నాటాలి. అన్నిటికన్నా ముందు కావలసింది అదే.