కారేది ఎక్కడో తేలాకే నీళ్లు తియ్యండి

ప్రశ్న: మేం ఈమధ్య కొన్న ఇంటి పెరట్లో పాత ఓనర్లు వదిలేసిన హాట్ టబ్ (వేడినీళ్ల తొట్టి) ఉంది. రోజూ నీళ్లు తగ్గిపోతున్నాయి, కింద కాంక్రీటు ఎప్పుడూ తడిగానే ఉంటోంది. రిపేరు మనిషి వచ్చి చూడ్డానికే బోలెడు అడుగుతున్నాడు. నేనే నీళ్లు తీసేసి బాగుచేసుకోవచ్చా? ఆ నీళ్లు వీధి కాలవలోకి వదిలెయ్యొచ్చా?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: చేసుకోవచ్చు, కానీ అప్పుడే ఖాళీ చెయ్యకండి. నీళ్లుంటేనే కదా ఎక్కడ కారుతోందో తెలిసేది! ముందు కరెంటు సంగతి. ఇలాంటి టబ్‌లు చాలావరకు 240 వోల్టుల మీద నడుస్తాయి, టబ్‌కి కాస్త దూరంలో కనబడేట్టు దాని స్విచ్ పెట్టె ఉంటుంది, అది ఆపి, టబ్ డిస్‌ప్లే ఆరిపోయిందని చూసుకున్నాకే పక్క ప్యానెల్ స్క్రూలు విప్పండి.

లోపల టార్చి వేసి మొదట పంపు చూడండి. మోటారూ, నీళ్లు తిరిగే ప్లాస్టిక్ భాగమూ కలిసే చోట కింద చుక్కలు పడుతున్నా, తెల్లటి చారలు గానీ తుప్పు గానీ కట్టి ఉన్నా షాఫ్ట్ సీల్ (అక్కడ నీళ్లు కారకుండా ఆపే రింగు) పోయినట్టే. తర్వాత పంపుకీ హీటర్‌కీ ఉండే పెద్ద ప్లాస్టిక్ నట్లు, వాటిని యూనియన్లు అంటారు. చాలాసార్లు అవి వదులవడమో, లోపలి రబ్బరు రింగు అణిగిపోవడమో, అంతే. చేత్తో బిగించండి చాలు, పానా పెట్టి బలమంతా చూపిస్తే ప్లాస్టిక్ పగిలి చిన్న లీకు పెద్దదవుతుంది. పంపుకి అటూ ఇటూ వాల్వులుంటే మీ అదృష్టం, ఆ రెండూ మూసేసి టబ్‌లో నీళ్లు ఉండగానే సీల్ మార్చుకోవచ్చు.

అక్కడంతా పొడిగా ఉంటే పవర్ ఆపే ఉంచి, నీటి మట్టం దగ్గర టేపు ముక్క అంటించి అలా వదిలెయ్యండి. నీళ్లు దిగి దిగి ఒకచోట ఆగుతాయి. ఆ మట్టంలో ఏ జెట్ (నీళ్లు చిమ్మే రంధ్రం) ఉందో దాని రబ్బరు గాస్కెట్‌నే ముందు అనుమానించాలి. ఆగకుండా అడుగుదాకా పోయాయంటే లీకు అట్టడుగునే ఉంది. సీసాల్లో అమ్మే లీకు మందు పోసి చూద్దామా అని చాలామంది అడుగుతారు. చిన్న లీకుకి కొన్నాళ్లు పనిచేస్తుందేమో గానీ, పోయిన సీల్ మళ్లీ రాదు.

ఇక ఖాళీ చెయ్యడం. ఎలాగూ మూడు నాలుగు నెలలకోసారి చెయ్యాల్సిన పనే. ఎప్పటిదో తెలియని టబ్ కాబట్టి ముందు పైపులు కడిగే మందు పాత నీళ్లలోనే వేసి, కాసేపు జెట్లు నడిపితే లోపల పేరుకున్న జిగురు పైకి వస్తుంది, చూడ్డానికి బాగుండదు, కంగారు పడకండి. తర్వాత క్లోరిన్ వెయ్యడం మానేసి, మూత తీసి కొన్నిరోజులు ఎండ తగలనిస్తే క్లోరిన్ దిగిపోతుంది, టెస్ట్ స్ట్రిప్‌తో చూసుకోండి. పిల్లలుంటే మూత తీసిన టబ్ దగ్గర కాపలా తప్పదు. మళ్లీ కరెంటు ఆపి, అడుగునున్న కొళాయికి గార్డెన్ పైపు తగిలిస్తే గంటలకొద్దీ పడుతుంది, మునిగి పనిచేసే చిన్న పంపు వేస్తే పని త్వరగా అయిపోతుంది.

వీధి కాలవలోకి మాత్రం వద్దు. అది శుద్ధి లేకుండా నేరుగా వాగులోకి పోతుంది. మందు వేసిన నీళ్లు కాబట్టి మురుగు లైనుకి ఉండే మూత పైపులోకి పంపడం మేలు, మీ ఊరి రూలు ఏమిటో కూడా ఒకసారి కనుక్కోండి. క్లోరిన్ బదులు బ్రోమిన్ వాడినా, ఉప్పుతో నీళ్లు శుద్ధిచేసే సిస్టమ్ ఉన్నా మొక్కలకు పొయ్యకండి. కుండీలో అపురూపంగా పెంచుకుంటున్న కరివేపాకు వైపు అసలే వద్దు.

ఖాళీ టబ్‌ని టెక్సస్ ఎండలో మూత లేకుండా వదిలితే లోపలి అక్రిలిక్ ప్లాస్టిక్ పొక్కులొస్తుంది. గడ్డకట్టే చలిలో ఖాళీ చేస్తే లోపల మిగిలిన నీళ్లు గడ్డకట్టి పైపులు పగులుతాయి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో కరెంటు పోయినప్పుడు మీ రాష్ట్రంలో ఎన్ని ఇళ్లలో పైపులు పగిలాయో పాత కాపురస్తులను అడగండి. బ్రేకర్ పదేపదే పడిపోతున్నా, హీటర్ మీద అనుమానమున్నా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, డబ్బు మిగుల్చుకునే చోటు అది కాదు.

ప్రశ్న: మా హాట్ టబ్ ఖాళీ చేసి కొత్త నీళ్లు నింపాను. పంపు గుయ్‌మంటోంది, జెట్లలోంచి నీళ్లు రావట్లేదు. పైగా అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చారు. నాన్నకు బీపీ ఉంది, దిగొచ్చా?
– ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: పైపులో గాలి పట్టింది. పవర్ ఆపి, పంపు పైనున్న యూనియన్ కొంచెం వదులు చేస్తే బుస్సుమని గాలి పోయి నీటి చుక్కలు వస్తాయి, వెంటనే బిగించండి. ఈసారి నింపేటప్పుడు పైపు ఫిల్టర్ గుంటలో పెట్టి నింపితే ఈ తంటా తగ్గుతుంది. ఫిల్టర్ తీస్తే జెట్లు బాగా వస్తున్నాయంటే తప్పు ఫిల్టర్‌దే.

నాన్నగారి సంగతి డాక్టరు చెప్పాలి. వేడినీళ్లలో బీపీ పడిపోతుంది, మాత్రలు వాడేవాళ్లకు లేచేసరికి కళ్లు తిరగొచ్చు. ఎవరికైనా 104 ఫారెన్‌హీట్ దాటకూడదు. ఆయనకు డాక్టరు సరేనంటే అంతకంటే బాగా తగ్గించి, కాసేపే కూర్చోబెట్టండి. దిగేముందు క్లోరిన్ కనీసం 3 పీపీఎం (పది లక్షల వంతుల్లో మూడు), పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార కొలత) 7.0–7.8 మధ్య ఉండాలి. అమ్మగారు తలకీ ఒంటికీ నూనె పట్టించుకుని దిగుతానంటే మాత్రం ముందు లోపల సబ్బుతో స్నానం చేసి రమ్మనండి, ఆ నూనెంతా ఫిల్టర్‌కి పట్టేస్తుంది.