తగ్గిన పల్లీ అలర్జీ తిరిగి వస్తే ఇంట్లో పెద్దవాళ్ళకు ఎలా చెప్పాలి?

ఐదేళ్ళ వయసులో తగ్గిపోయిందని డాక్టరే చెప్పిన పల్లీ అలర్జీ మీ పాపకు మళ్ళీ ఎందుకు వచ్చిందనీ, "పోయిన ఏడు తిన్న పిల్లకు ఇప్పుడేమవుతుంది" అంటున్న మీ అత్తమామలకు ఏమని చెప్పాలనీ, పండక్కి వాళ్ళ ఊరు వెళ్ళడం మానుకోవాలా అనీ అడిగారు. మా అబ్బాయి విషయంలో అచ్చంగా ఇదే జరిగింది. పైగా మా అత్తగారిది అనంతపురం జిల్లాలో తరతరాలుగా వేరుశనగ పండించే ఇల్లు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

చిన్నప్పుడు పల్లీ అలర్జీ వచ్చిన పిల్లల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి అది పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. పాలు, గుడ్ల అలర్జీలు తగ్గేవారి సంఖ్య ఇంతకంటే చాలా ఎక్కువ. అయితే పల్లీ అలర్జీ తగ్గిన వారిలో కొందరికి తిరిగి రావచ్చు. 2004లో అమెరికా వైద్యులు ప్రచురించిన ఒక పరిశీలనలో అలా తిరిగి వచ్చేది సుమారు 8 శాతం మందికని అంచనా వేశారు. తరచుగా తినేవారిలో కంటే, తగ్గిన తరువాత కూడా ఎప్పుడో తప్ప ముట్టనివారిలోనే ఇది ఎక్కువగా కనిపించింది. మా అబ్బాయికి ఆసుపత్రిలో డాక్టరు ఎదుటే పల్లీలు తినిపించి పరీక్షించి, తగ్గిందని చెప్పారు. కానీ వాడికి ఆ వాసనే గిట్టదు కనుక ఆ తరువాత దాదాపు తినలేదు. మరుసటి ఏడు ఊళ్ళో బెల్లం పాకంతో చేసిన పల్లీ ఉండ ఒకటి తిన్న కాసేపటికే పెదవులు వాచి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, వాంతులు, దగ్గు మొదలయ్యాయి.

"పోయిన సంవత్సరం తిన్నాడు కదమ్మా, నేనే చూసినా. మన చేలో పండిన కాయలు మన పిల్లోనికి పడకపోవడమేంది?" అని మా మామయ్యగారు అడిగారు. ఈ ప్రశ్నను మొండితనంగా తీసుకోకూడదని నా అభిప్రాయం. మొదటిసారి అలర్జీ వచ్చినప్పుడు నమ్మని పెద్దలు వేరు, తగ్గడాన్ని కళ్ళారా చూసిన పెద్దలు వేరు. వీరి అనుమానానికి ఒక ఆధారం ఉంది. అందుకే "మీకు తెలియదు, ఊరుకోండి" అనే బదులు "అవును, అప్పుడు నిజంగానే తగ్గింది, ఇప్పుడు నిజంగానే తిరిగి వచ్చింది" అని రెండు సంగతులనూ ఒప్పుకుంటూ మొదలుపెట్టడం మేలు. వీలైతే తరువాతిసారి డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు వారిని కూడా తీసుకువెళ్ళి, వారి ప్రశ్నలు వారినే అడగనివ్వండి. కోడలు చెబితే కోడలి భయంగా వినబడే మాటే డాక్టరు నోట వస్తే వైద్యంగా వినబడుతుంది. ఇది మనకు కష్టంగానే ఉంటుంది, కానీ పిల్లల ప్రాణం ముందు ఆ కష్టాన్ని పక్కన పెట్టాలి.

పెద్దవాళ్ళు చెప్పే మాటల్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది "కొంచెం కొంచెం పెడితే అదే అలవాటవుతుంది" అన్నది. ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. పల్లీ ప్రోటీన్‌ను అతి స్వల్ప మోతాదుల్లో నోటి ద్వారా ఇస్తూ పెంచుకుంటూ పోయే చికిత్స ఉన్నది నిజమే. అందుకోసం తయారైన ఒక మందుకు 2020 జనవరిలో అమెరికా ప్రభుత్వం అనుమతి కూడా ఇచ్చింది. కానీ ఆ చికిత్స అర మిల్లీగ్రాము ప్రోటీన్‌తో, వైద్యుల కళ్ళెదుట మొదలవుతుంది. ఒక్క పల్లీ గింజలో సుమారు 250 మిల్లీగ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అంటే ఒక గింజను ఐదు వందల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క. ఈ లెక్క చెప్పినప్పుడు మామయ్యగారు ఒక గింజను అరచేతిలో వేసుకుని, గోటితో పొట్టు తీసి, రెండు పప్పులుగా విడదీసి చాలాసేపు చూశారు. ఆ తరువాత ఆయన "కొంచెం పెట్టి చూద్దాం" అనలేదు. జీవితమంతా విత్తనాన్ని తూచి, ఎంచి వేసిన మనిషికి కొలత భాషలో చెబితే అర్థమైంది. మీ వాళ్ళకు ఏ భాషలో చెబితే అర్థమవుతుందో మీకే బాగా తెలుస్తుంది. ఉడకబెట్టిన కాయలైతే ఏమీ చేయవన్నది కూడా నమ్మవద్దు. ఉడికించినప్పుడు కొంత ప్రోటీన్ నీళ్ళలోకి పోతుంది గానీ ప్రమాదం పోదు.

వంటింట్లో అసలు చిక్కు కంటికి కనిపించే పల్లీలతో రాదు. ఊరిబిండి (పల్లీలతో చేసే పచ్చడి) నూరిన రోలు, చట్నీ వేసిన మిక్సీ జార్, గింజలు వేయించిన బాణలి, వీటిని చూసుకోవాలి. గానుగ నూనె విషయం తప్పకుండా చెప్పండి. బాగా శుద్ధి చేసిన పల్లీ నూనెలో ప్రోటీన్ దాదాపు మిగలదు గానీ గానుగలో ఆడించిన నూనెలో మిగులుతుంది. ప్యాకెట్ల మీద వేరుశనగ ఉన్నట్లు తెలపడం మన దేశ నిబంధనల ప్రకారం తప్పనిసరి. విడిగా అమ్మే మిఠాయిలకు, పెళ్ళి భోజనాలకు, గుళ్ళో పులిహోరకు ఆ ఆసరా ఉండదు కనుక వాటి విషయంలో అడిగి తెలుసుకోవడమే మార్గం.

నమ్మకం కలిగినా కలగకపోయినా ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలిసి తీరాల్సింది ఒకటుంది. ఊపిరి ఆడకపోయినా, గొంతు బొంగురుపోయినా, పిల్ల నీరసంగా వాలిపోయినా, దద్దుర్లతో పాటు వాంతులు అవుతున్నా మొదట ఇవ్వాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ వెలుపలి వైపు కండలోకి. అలర్జీకి మామూలుగా వేసే సెట్రిజిన్ మందు దురదను తగ్గిస్తుందే తప్ప ప్రాణాపాయాన్ని ఆపదు. మన దగ్గర పెన్నులా నొక్కే ఇంజెక్టర్లు సులభంగా దొరకవు కనుక మా డాక్టరు ఆంప్యూల్ (మందు ఉండే చిన్న గాజు బుడ్డి), సిరంజి రాసిచ్చి, బరువును బట్టి మోతాదు ఎక్కడిదాకా లాగాలో సిరంజి మీద గీత గీసి చూపించారు. మా అత్తయ్య బత్తాయి పండు మీద నీళ్ళతో సాధన చేసి నేర్చుకున్నారు. ఇప్పుడు ఆ డబ్బా ఆవిడ అధీనంలోనే ఉంటుంది. ఎండ తగలకుండా ఉంచడం, మందు రంగు మారిందేమో చూడడం, గడువు తేదీ గుర్తు పెట్టుకోవడం అన్నీ ఆవిడవే. బాధ్యత చేతికి వచ్చాక ఆవిడ అనుమానం మాట ఎత్తలేదు. ఇంజెక్షన్ ఇచ్చాక 108కు ఫోన్ చేసి, పిల్లను లేపి నడిపించకుండా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తులో ఉంచాలి. ఊపిరి కష్టంగా ఉంటే కూర్చోబెట్టవచ్చు. తేరుకున్నట్లు కనిపించినా కొన్ని గంటల తరువాత లక్షణాలు మళ్ళీ రావచ్చు కనుక ఆసుపత్రికి వెళ్ళడం మానవద్దు.

పండక్కి వెళ్ళడం మానుకోవద్దనే నా సలహా. అయితే బయలుదేరే ముందు ఆ ఊరికి దగ్గరగా రాత్రిపూట కూడా డాక్టరు ఉండే ఆసుపత్రి ఏదో కనుక్కోండి. పాపకు విడిగా ఒక బాణలి, కొంత పొద్దుతిరుగుడు నూనె తీసుకువెళ్ళండి. పొడులు, ఉండలు చేసే పని మీరు వెళ్ళకముందే ముగించమని అడగండి. మళ్ళీ ఎప్పుడు పరీక్షించాలో డాక్టరు చెబుతారు. ఈసారి కూడా తగ్గిందని తేలితే, ఎంత మోతాదు, వారానికి ఎన్నిసార్లు, ఎన్నాళ్ళు తినిపించాలో కాగితం మీద రాయించుకుని రండి.