లోయ కనిపించగానే రెండు పాయలనకు

బుజ్జీ,

గ్రనాడా దగ్గర పీకో వెలేటా కొండ మీది 30 మీటర్ల రేడియో టెలిస్కోపులో నీకు టైం దొరికిందని నాన్న ఫోన్ చేశాడు. వృషభరాశిలో బి213 అనే చల్లటి వాయు మేఘపు తీగ చూస్తావట. గర్వంగా ఉంది, గుబులుగానూ ఉంది. 2,850 మీటర్ల ఎత్తు, స్వెట్టర్లు మర్చిపోకు. మిగతావి అమ్మ చెబుతుంది.

స్పెక్ట్రాన్ని ముక్కలు చేసే ఛానళ్లు 50 కిలోహెర్ట్జ్‌వి అయితే సరిపెట్టుకోకు. 93 గిగాహెర్ట్జ్ దగ్గర అది వేగంలో సెకనుకు 160 మీటర్లు. 10 కెల్విన్ చలిలో నత్రజని-హైడ్రోజన్ అయాను ఎన్‌టూహెచ్‌ప్లస్ రేఖకు అణువుల ఉష్ణ కదలికల వల్ల వచ్చే వెడల్పే దాదాపు 126 మీటర్లు. పది కిలోహెర్ట్జ్ అయితే 32 మీటర్లకు దిగుతుంది.

ఇక అసలు భయం. ఇంకో అయాను, హెచ్‌సీఓప్లస్ రేఖ రెండు మూపులుగా వస్తుంది: ఎడమది ఎత్తు, మధ్యలో లోయ, కుడిది పొట్టి. వెంటనే 'రెండు ప్రవాహాలు గుద్దుకుంటున్నాయి' అని రాసేస్తారు. తొందరపడకే తల్లీ! ముందున్న చల్లటి పొర వెనకాల వెలుగును మింగినా అదే ఆకారం వస్తుంది. వాయువు లోపలికి కూలుతుంటే ఆ పొర మన నుంచి దూరంగా కదులుతుంది కాబట్టి దూరమయ్యే వేగాలుండే కుడివైపే ఎక్కువ మింగుతుంది. తేల్చేది పలచని రేఖ, అంటే దారిలో మింగుడుపడకుండా వాయువును అడుగుదాకా చూపేది. ఎన్‌టూహెచ్‌ప్లస్‌కు ఏడు ఉపరేఖలుంటాయి, కొన్ని ఒకదానిమీదొకటి ఎక్కి మోసం చేస్తాయి. 93.176 గిగాహెర్ట్జ్ దగ్గర ఒంటరిగా నిలిచేదాన్ని చూడు. దాని శిఖరం సరిగ్గా లోయలో పడిందా, అది ఒక్కటే వాయువు. అదీ రెండుగా చీలి, పక్క బిందువుల్లోనూ తెగకుండా సాగితేనే రెండు.

బి213లో నిజంగానే పాయలున్నాయి. 2013లో ఖగోళ శాస్త్రవేత్త హకార్ బృందం సీ18ఓ (బరువైన ఆక్సిజన్ ఉన్న కార్బన్ మోనాక్సైడ్) వేగాలతో 35 పాయలు విడదీసింది. అందుకే ఆశ పుడుతుంది, అందుకే ఈ చాదస్తం. చిన్నప్పుడు దేవుడి గదిలో అగరుబత్తి పొగ పాయలు విడిపోతుంటే ఊపిరి బిగబట్టి చూసేదానివి. పక్కకు జరిగితే రెండు పాయలు ఒకటయ్యేవి. ఇక్కడ పక్కకు జరగలేం, వేగమే దిక్కు.

నడిబొడ్డులో సీ18ఓ సన్నగిల్లితే ఖాళీ అనుకోకు, ధూళి మీద గడ్డకట్టి ఉంటుంది. తీగ పొడవునా వేగం మారితే అది ప్రవాహమో, తిరగడమో, తీగ మనవైపు ఎంత వాలిందో తెలియకుండా చెప్పకు.

ఇంకో దొంగ లోయ ఉంది: ఆఫ్ స్థానం, అంటే పోల్చి తీసివేయడానికి చూసే ఖాళీ ఆకాశం. ఆ మేఘం ఎంత దూరం పరుచుకుందంటే, ఖాళీ అనుకున్నచోట కూడా కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దాన్ని తీసివేయగానే నీ రేఖ నడుమ గొయ్యి పడుతుంది. మొదటి రాత్రే ఆ స్థానాన్ని ఫ్రీక్వెన్సీ స్విచింగ్‌లో (వేరే చోటుకు తిప్పకుండా పౌనఃపున్యాన్నే మార్చి పోల్చే పద్ధతి) ఓ పది నిమిషాలు చూసి, ఆ స్పెక్ట్రం నాకు పంపు. ఇక్కడ ఎన్ని గంటలైనా సరే, లేపు.

బాబాయి