కింద అంగళ్లు, పైన ఇళ్లు, పక్కన మెట్రో: ఫ్లాట్ తీసుకోవచ్చా?

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు మెట్రో స్టేషన్ పక్కనే, కింద షాపులు పైన ఇళ్లు ఉన్న కాంప్లెక్స్‌లో ఫ్లాట్ చూశామని, ధర ఎక్కువ చెప్తున్నారని, అంత పెట్టొచ్చా, గోల ఉంటుందా అని అడిగారు. నేను హూడి దగ్గర అలాంటి కాంప్లెక్స్‌లోనే ఉంటున్నాను. తీసుకోవచ్చండీ. కానీ స్టేషన్ మెట్లు దిగిన చోటి నుంచి మీ గడప దాకా ఒకసారి నడిచి చూశాకే బేరం మొదలుపెట్టండి.

మేము 2021లో కొన్నాం. బ్రోచర్‌లో "మెట్రోకి రెండు నిమిషాలు" అని ఉంది, అప్పటికింకా రైలే లేదు. 2023 మార్చి 25న వైట్‌ఫీల్డ్ నుంచి కేఆర్ పుర దాకా మొదలైంది గానీ, అక్కడి నుంచి బైయప్పనహళ్లి దాకా రెండు కిలోమీటర్ల ముక్క మిగిలిపోయింది. నా ఆఫీసు ఎంజీ రోడ్డులో. రోజూ కేఆర్ పురలో దిగి, ఫీడర్ బస్సెక్కి, బైయప్పనహళ్లిలో మళ్లీ రైలెక్కేదాన్ని. టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆ రెండు కిలోమీటర్లకే అరగంట పోయేది. అక్టోబర్ 9న ఆ ముక్క కలిశాక నా ప్రాణం లేచొచ్చింది. అందుకే చెప్తున్నా, రాబోయే లైను చూపించి అడిగే ధర ఇవ్వకండి. నడుస్తున్న రైలుకే విలువ కట్టండి.

ఇక మా గేటు సంగతి. మా బ్లాక్ బాల్కనీలో నిలబడితే స్టేషన్ మెట్లు కనిపిస్తాయి, మహా అయితే 200 మీటర్లు. కానీ మెయిన్ గేటు అవతలి రోడ్డు వైపు ఉంది. చుట్టూ తిరిగి వస్తే కిలోమీటరు పైనే. వెనక కాంపౌండ్ గోడలో ఒక చిన్న ఇనుప గేటు ఉంది గానీ, సెక్యూరిటీ కోసమని అసోసియేషన్ దానికి తాళం వేసింది. మోకాళ్ల నొప్పులతో మా అత్తగారు ఒకరోజు ఇందిరానగర్‌లో చెల్లెలింటికి వెళ్లొచ్చి, ఆ గేటు దాకా నడిచి, తాళం చూసి అక్కడే అరుగు మీద కూర్చుండిపోయారు. నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా అక్కడే ఉన్నారు, ఫోన్ కూడా చేయలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత ఏడెనిమిది నెలలు మీటింగుల్లో అదే అడిగాం. చివరికి ఒక గార్డును పెట్టి పొద్దున ఆరు నుంచి రాత్రి పదిన్నర దాకా తెరవడానికి ఒప్పుకున్నారు. గేటు తెరిచిన నెలలోనే మా అంతస్తులో రెండు ఇళ్లవాళ్లు రెండో కారు అమ్మేశారు. కేంద్ర ప్రభుత్వం 2017లో తెచ్చిన టీఓడీ (ట్రాన్సిట్ ఓరియెంటెడ్ డెవలప్‌మెంట్, అంటే మెట్రో లాంటి రవాణా చుట్టూ ఊరిని పెంచడం) పాలసీ స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్లలో, అంటే నడిచి వెళ్లగలిగే దూరంలో, ఇళ్లు, ఆఫీసులు, అంగళ్లు కలిసి రావాలంటుంది. మ్యాపు మీద ఆ వృత్తం గీయడం తేలికే. మధ్యలో ఒక్క గోడ అడ్డమొస్తే ఆ దూరం ఎంతవుతుందో మా అత్తగారిని అడగాలి.

కింద షాపుల గురించి నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. మా రోడ్డు వైపు ఒక మెడికల్ షాపు, కూరగాయల అంగడి, టిఫిన్ సెంటర్, టైలర్, మెట్ల కింద ఇస్త్రీ బండి ఉన్నాయి. రాత్రి తొమ్మిదిన్నరకి నేను ఒక్కదాన్నే స్టేషన్ నుంచి వస్తుంటే ఆ లైట్ల వెలుగే నాకు ధైర్యం. ఇస్త్రీ ఆయన పెట్టెలో బొగ్గులు ఊదుతూనే "ఈరోజు లేటయిందేమ్మా" అని పలకరిస్తాడు. అదే వరసలో బ్యాంకు, కార్ల షోరూమ్ ఉండి ఉంటే ఏడింటికల్లా షట్టర్లు దిగి వీధంతా చీకటయ్యేది. మన ఊళ్లలో బజారు వీధిలో కింద అంగడి పెట్టుకుని పైన కాపురం ఉన్నవాళ్లకి ఇది కొత్తేం కాదు.

గోల మాటకొస్తే, రైలు శబ్దం నెలలో అలవాటైపోతుంది. మమ్మల్ని ఇబ్బంది పెట్టింది టిఫిన్ సెంటర్ పొగగొట్టం. మొదట్లో అది రెండో అంతస్తు కిటికీల దగ్గరే ఆగిపోయేది, పొద్దున్నే తాలింపు ఘాటుకి వాళ్లింట్లో పిల్లలు దగ్గేవాళ్లు. టెర్రస్ దాకా పొడిగించాకే శాంతి. మీరు చూసిన చోట గొట్టం ఎక్కడ బయటికొస్తుందో తలెత్తి చూడండి. షాపులకీ ఇళ్లకీ నీళ్ల సంపు, మీటర్లు వేరుగా ఉన్నాయా అని కూడా అడగండి. 2024 వేసవిలో బెంగళూరులో బోర్లు ఎండిపోయినప్పుడు మాకు ఒకటే సంపు. ట్యాంకర్ బిల్లు ఎవరెంత కట్టాలన్న దాని మీద మూడు వారాలు టెన్షన్ పడ్డాం. షాపులకొచ్చేవాళ్ల బండ్లకి వేరే పార్కింగ్ ఉందో లేదో కూడా చూసుకోండి.

ఫ్లాట్ చూడటానికి కారులో వెళ్లకండి. పనిరోజు రాత్రి తొమ్మిదికి మెట్రోలో దిగి, చేతిలో కూరగాయల సంచితో, వీలైతే ఇంట్లో పెద్దవాళ్లని వెంటబెట్టుకుని నడవండి. ఫుట్‌పాత్ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉందా, రోడ్డు దాటడానికి సిగ్నల్ ఉందా, ఏ గేటు తెరిచి ఉంది, ఎన్ని అంగళ్లలో లైట్లు వెలుగుతున్నాయి, అన్నీ అప్పుడే తెలుస్తాయి. వెనక గేటు ఉంటే అది ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా తెరుస్తారో అసోసియేషన్ వాళ్లని అడిగి, కాగితం మీద రాయించుకోండి.