బ్రౌజర్ అదే, ఇంజిన్ వేరు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

విండోస్‌తో పాటు వచ్చే ఎడ్జ్ బ్రౌజర్‌కు మైక్రోసాఫ్ట్ తన సొంత ఇంజిన్ తీసేసి క్రోమియం ఇంజిన్ పెట్టిన సంగతి గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: పేరు ఎడ్జే, వెబ్‌సైట్లూ పాతవే. అలాంటప్పుడు ఇంజిన్ మారింది అంటే లోపల ఏం మారినట్టు?

జవాబు: బ్రౌజర్‌లో మీరు చేత్తో వాడేవి అడ్రస్ బార్, ట్యాబ్‌లు, బుక్‌మార్కులు, సెట్టింగ్స్. వీటి వెనక ఇంకో పెద్ద యంత్రాంగం నడుస్తూ ఉంటుంది. సైట్ నుంచి వచ్చిన హెచ్‌టీఎంఎల్‌ను (పేజీలో ఏమేం ఉన్నాయో చెప్పే భాష) చదివి చెట్టులా పేర్చడం, సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని చెప్పే భాష) నియమాలు చూసి ఏ పెట్టె ఎక్కడ, ఎంత వెడల్పున ఉండాలో లెక్కగట్టడం, ఆ తర్వాత తెర మీద గీయడం రెండరింగ్ ఇంజిన్ పని. పేజీలోని జావాస్క్రిప్ట్‌ను నడపడానికి దాని పక్కనే ఇంకో ఇంజిన్ ఉంటుంది.

2015లో విండోస్ 10తో వచ్చిన ఎడ్జ్‌లో మొదటి పనికి ఎడ్జ్‌హెచ్‌టీఎంఎల్, రెండో పనికి చక్ర ఉండేవి. ఎడ్జ్‌హెచ్‌టీఎంఎల్ పూర్తిగా కొత్తది కాదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోని ట్రైడెంట్ నుంచి పాత బరువు దించేసి చేసిన శాఖ అది. ఇప్పుడు ఆ రెండు చోట్లా బ్లింక్, వీ8 ఉన్నాయి. ఈ రెండూ క్రోమియం అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులోనివి, గూగుల్ క్రోమ్‌కూ పునాది అవే. మార్పును 2018 డిసెంబరు 6న ప్రకటించారు. అందరి కోసం విడుదలైన మొదటి వెర్షన్ 79, తేదీ 2020 జనవరి 15. పాత ఎడ్జ్‌కు భద్రతా అప్‌డేట్లు 2021 మార్చి 9తో ఆగిపోయాయి. ఏప్రిల్ నెల విండోస్ అప్‌డేట్ దాన్ని కంప్యూటర్లలోంచి తీసేసి కొత్తదాన్ని పెట్టింది.

ప్రశ్న: అంత పెద్ద కంపెనీ సొంత ఇంజిన్‌ను నడపలేకపోయిందా?

జవాబు: ఇంజిన్ తయారు చేయడం చేతకాక కాదు. ఎడ్జ్‌హెచ్‌టీఎంఎల్ ప్రమాణాలను బాగానే పాటించేది. చిక్కు ఎక్కడంటే, వెబ్ డెవలపర్లలో ఎక్కువమంది ముందు క్రోమ్‌లో చూసుకుని, అక్కడ బాగుంటే పని అయిపోయిందనుకునేవారు. ప్రమాణంలో స్పష్టంగా రాయని చోట క్రోమ్ ఎలా ప్రవర్తిస్తే అదే ప్రమాణమై కూర్చుంది. దాంతో ఎడ్జ్ బృందం కొత్త సౌకర్యాలు చేయాల్సిన సమయాన్ని ఎదుటివాడి అలవాట్లను అనుకరించడంలో ఖర్చు పెట్టాల్సి వచ్చింది.

రెండో కారణం గురించి తక్కువగా మాట్లాడుతుంటారు, మా దృష్టిలో మాత్రం అదే పెద్దది. ఎడ్జ్‌హెచ్‌టీఎంఎల్ విండోస్‌లో భాగం. అందులో కొత్త సౌకర్యాలు రావాలంటే ఏడాదికి రెండుసార్లు వచ్చే విండోస్ పెద్ద అప్‌డేట్ దాకా ఆగాలి. ఆ అప్‌డేట్‌ను ఆఫీసులు నెలల తరబడి వాయిదా వేసేవి. క్రోమ్ అప్పట్లోనే ఆరు వారాలకోసారి మారేది. పైగా విండోస్ 7లోనూ మ్యాక్‌లోనూ పాత ఎడ్జ్ లేనే లేదు. మ్యాక్ వాడే డెవలపర్ తన సైట్‌ను ఎడ్జ్‌లో ఎలా పరీక్షిస్తాడు? కొత్త ఎడ్జ్‌కు సొంత అప్‌డేటర్ ఉంది. 2021 సెప్టెంబరులో వచ్చిన వెర్షన్ 94 నుంచి నాలుగు వారాలకోసారి కొత్త వెర్షన్ వచ్చే పద్ధతికి మారింది.

ప్రశ్న: మా ఆఫీసు లెడ్జర్ సైట్ యాక్టివ్‌ఎక్స్ మీద నడుస్తుంది. కొత్త ఎడ్జ్‌లో తెరిస్తే ఖాళీ పేజీ వస్తోంది. ఏం చేయాలి?

జవాబు: యాక్టివ్‌ఎక్స్ అంటే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పేజీల్లో చిన్న ప్రోగ్రాములు నడిపే పాత పద్ధతి. అది క్రోమియంలో ఎప్పటికీ పనిచేయదు. పాత ఎడ్జ్‌లోనూ పనిచేసేది కాదు. ఇలాంటి సైట్ల కోసమే ఎడ్జ్‌లో ఐఈ (ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్) మోడ్ పెట్టారు. ఆ ట్యాబ్ వరకు విండోస్‌లో మిగిలి ఉన్న ట్రైడెంట్ ఇంజిన్ పేజీని గీస్తుంది.

ఒక్క కంప్యూటర్‌కైతే ఎడ్జ్ సెట్టింగ్స్‌లో ‘డిఫాల్ట్ బ్రౌజర్’ పేజీకి వెళ్లండి. సైట్లను ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మోడ్‌లో మళ్లీ లోడ్ చేయనివ్వాలా అని అడిగే చోట ‘అలౌ’ ఎంచి, బ్రౌజర్‌ను రీస్టార్ట్ చేయండి. రీస్టార్ట్ చేయకపోతే మార్పు అమల్లోకి రాదు. తర్వాత అదే పేజీలో కిందనున్న ఐఈ మోడ్ పేజీల జాబితాలో మీ సైట్ చిరునామా చేర్చండి. పేజీ తెరిచాక అడ్రస్ బార్ ఎడమ పక్కన పాత ‘ఇ’ గుర్తు కనిపిస్తే పని జరిగినట్టే.

ఇక్కడ రెండు చోట్ల దెబ్బతింటారు. ఆ జాబితాలోని చిరునామాకు 30 రోజులే గడువు, తర్వాత మళ్లీ చేర్చాలి. ‘నిన్నటిదాకా బాగానే ఉంది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. రెండోది, ఆ జాబితా సైట్ మొత్తానికి వర్తించదు, మీరిచ్చిన పేజీకే వర్తిస్తుంది. లాగిన్ పేజీని చేర్చి లెడ్జర్ పేజీని వదిలేస్తే లాభం లేదు.

పదిమంది వాడే చోట ఇలా చేతితో చేస్తూ కూర్చోకండి. సైట్ల జాబితాను ఒక ఎక్స్ఎంఎల్ ఫైలుగా రాసి నెట్‌వర్క్‌లో పెట్టి, గ్రూప్ పాలసీలో (ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ఒకేచోట నుంచి సెట్టింగ్స్ పెట్టే విండోస్ సౌకర్యం) రెండు అంశాలు అమర్చాలి. ఒకటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఇంటిగ్రేషన్‌ను ఐఈ మోడ్‌కు మార్చడం, రెండోది ఎంటర్‌ప్రైజ్ మోడ్ సైట్ లిస్ట్ ఫైలు ఎక్కడుందో చెప్పడం. ఇలా చేస్తే 30 రోజుల గడువు గొడవ ఉండదు. ఫైలు మార్చిన ప్రతిసారీ అందులోని వెర్షన్ సంఖ్యను పెంచాలి. పెంచకపోతే బ్రౌజర్ పాత జాబితానే పట్టుకుని ఉంటుంది. లాగిన్ వేరే సర్వర్‌లో జరిగితే ఆ సర్వర్‌ను ‘న్యూట్రల్’ అని రాయాలి. లేదంటే లాగిన్ ఒక ఇంజిన్‌లో, లెడ్జర్ ఇంకో ఇంజిన్‌లో తెరుచుకుంటాయి. మీరు లాగిన్ అయ్యారని గుర్తుపెట్టుకునే సెషన్ కుకీ ఒకదాన్నుంచి ఇంకోదానికి అందక, పాస్‌వర్డ్ కొట్టిన ప్రతిసారీ మళ్లీ లాగిన్ పేజీకే వస్తారు.

ఐఈ 11 అప్లికేషన్‌కు 2022 జూన్ 15తో మద్దతు ఆగింది, 2023 ఫిబ్రవరి 14న ఎడ్జ్ అప్‌డేట్ ద్వారా దాన్ని శాశ్వతంగా ఆపేశారు. ఐఈ మోడ్‌ను కనీసం 2029 వరకు ఉంచుతామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అది సైట్‌ను తిరగరాసుకోవడానికి ఇచ్చిన గడువు అనుకోండి. ఈలోగా లెడ్జర్ తప్ప ఇంకేదీ ఆ మోడ్‌లో తెరవకండి. పాత ఇంజిన్‌లోని రంధ్రాల కోసం వెతికేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ప్రశ్న: క్రోమియం అంటే గూగుల్‌దే కదా. మరి ఎడ్జ్‌లో నేను చూసేవన్నీ గూగుల్‌కు చేరతాయా?

జవాబు: చేరవు. కోడ్ ఎవరు రాశారన్నది వేరు, నడిచేటప్పుడు అది ఏ సర్వర్‌తో మాట్లాడుతుందన్నది వేరు. సింక్, అనువాదం, స్పెల్లింగ్ తనిఖీ, ప్రమాదకరమైన సైట్ల హెచ్చరిక వంటి గూగుల్ సేవలను మైక్రోసాఫ్ట్ తీసేసింది, లేదా తన సేవలతో మార్చింది. ఉదాహరణకు, సేఫ్ బ్రౌజింగ్ స్థానంలో స్మార్ట్‌స్క్రీన్ వచ్చింది. కాబట్టి మీ సమాచారం ఏదైనా వెళ్తే మైక్రోసాఫ్ట్‌కు వెళ్తుంది. అది మీకు సమ్మతమా కాదా అన్నది ఎడ్జ్ ‘ప్రైవసీ’ సెట్టింగ్స్‌లో తేల్చుకోవాలి. మీరు తెరిచిన సైట్‌లోనే గూగుల్ ప్రకటనలు, లెక్కింపు కోడ్ ఉంటే మాత్రం ఏ ఇంజిన్ అయినా అవి నడుస్తాయి.

ప్రశ్న: ఇంజిన్ వేరైన బ్రౌజర్‌కు మారేటప్పుడు పాస్‌వర్డ్‌లు పోకుండా ఎలా చూసుకోవాలి? ప్రొఫైల్ ఫోల్డర్‌ను కాపీ చేస్తే చాలా?

జవాబు: చాలదు. ఇంజిన్ వేరైతే ఫైళ్ల అమరికే వేరు. రెండూ క్రోమియం బ్రౌజర్లే అయినా, విండోస్‌లో పాస్‌వర్డ్‌లను ఆ కంప్యూటర్‌లోని మీ యూజర్ ఖాతాకు ముడిపెట్టి ఎన్‌క్రిప్ట్ చేస్తారు. ఫోల్డర్‌ను ఇంకో కంప్యూటర్‌కు మోసుకెళ్తే బుక్‌మార్కులు వస్తాయి, పాస్‌వర్డ్‌లు తెరుచుకోవు.

బుక్‌మార్కులను హెచ్‌టీఎంఎల్ ఫైలుగా, పాస్‌వర్డ్‌లను సీఎస్‌వీ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి కొత్తదాంట్లో ఇంపోర్ట్ చేయండి. సీఎస్‌వీలో పాస్‌వర్డ్‌లు ఎవరైనా చదవగలిగేలా బయటకే ఉంటాయి. పని కాగానే దాన్ని చెరిపి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. డెస్క్‌టాప్ క్లౌడ్‌కు సింక్ అవుతుంటే ఆ ఫైలును అక్కడ అసలు పెట్టకండి. ఎక్స్‌టెన్షన్లను మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే.

ప్రశ్న: నేను వెబ్ డెవలపర్‌ని. కొత్త ఎడ్జ్ వచ్చాక మా సైట్‌లో ఒక మెనూ చెదిరిపోయిందని ఫిర్యాదు వచ్చింది. క్రోమ్‌లో బాగానే ఉంది. ఇంజిన్ ఒకటే అయినప్పుడు తేడా ఎలా వస్తుంది?

జవాబు: తేడా ఇంజిన్‌లో లేదు, మీ కోడ్‌లోనే ఉండాలి. బ్రౌజర్ పేరు చూసి వేరే దారి పట్టే వరుస ఎక్కడో ఉంటుంది. వెతకండి.

పాత ఎడ్జ్ తన యూజర్ ఏజెంట్ వరుస (బ్రౌజర్ తానెవరో సైట్‌కు చెప్పే వాక్యం) చివర పూర్తి పేరు, అంటే ఇంగ్లిష్‌లో నాలుగు అక్షరాలు రాసేది. కొత్తది చివరి ‘ఇ’ తీసేసి మూడక్షరాలే రాస్తుంది. ఇది అచ్చుతప్పు కాదు, కావాలని చేసిందే. పాత ఎడ్జ్ లోపాల కోసం డెవలపర్లు రాసుకున్న మరమ్మతులు కొత్తదానికి అంటకుండా ఇలా చేశారు. అయితే మీ కోడ్ నాలుగో అక్షరం చూడకుండా మొదటి మూడు అక్షరాల కోసమే వెతుకుతుంటే ఆ మరమ్మతు కొత్తదాని మీదా పడుతుంది. మెనూ చెదరడానికి ఎక్కువ అవకాశం ఇదే. ఆ వరుసలో క్రోమ్, సఫారీ పేర్లు కూడా ఉంటాయి కాబట్టి పేరును బట్టి చేసే పరీక్షలను నమ్మనేకూడదు.

పేరు అడగడం మానేసి సౌకర్యం ఉందా అని అడగండి. సీఎస్ఎస్‌లో ‘సపోర్ట్స్’ నియమం, జావాస్క్రిప్ట్‌లో ఆ ఫంక్షన్ ఉందో లేదో చూసే ఒక్క షరతు చాలు. ఎడ్జ్‌హెచ్‌టీఎంఎల్ కోసం మోసుకొస్తున్న పాలీఫిల్‌లు (బ్రౌజర్‌లో లేని సౌకర్యాన్ని పూరించే కోడ్) కూడా తీసేయవచ్చు. షాడో డామ్, ‘డీటెయిల్స్’ ట్యాగ్, టెక్స్ట్ ఎన్‌కోడర్ పాత ఎడ్జ్‌లో లేవు, 79 నుంచి ఉన్నాయి. ‘ఎంఎస్’ ఉపసర్గతో మొదలయ్యే సీఎస్ఎస్ వరుసల్లో చాలావరకు ఇక దండగే.

ఈ మార్పును సాకుగా తీసుకుని పరీక్షలను ఒక్క క్రోమ్‌కు కుదించకండి. ఫైర్‌ఫాక్స్‌లోని గెకో, సఫారీలోని వెబ్‌కిట్ వేరే ఇంజిన్లు. ప్లేరైట్ వంటి పరికరంతో క్రోమియం, ఫైర్‌ఫాక్స్, వెబ్‌కిట్ మూడింటిలోనూ ఒకే పరీక్షను నడపవచ్చు.

ప్రశ్న: కొన్ని సైట్లలో తెలుగు ఒత్తులు అడుగున కోసేసినట్టు కనిపిస్తున్నాయి. ఇంజిన్ తప్పేనా?

జవాబు: అక్షరాలను కలిపి ఒత్తులను సరైన చోట కూర్చడం క్రోమియంలో హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లోనూ అదే. ఆ పని సరిగ్గానే చేస్తుంది. కోత పడేది ఎక్కువగా సైట్ సీఎస్ఎస్ వల్లే. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేలా లైన్ ఎత్తు 1.2 పెట్టి, పొంగిన భాగాన్ని దాచమని రాస్తే, కిందికి వేలాడే ఒత్తులు ఆ దాపరికంలోకి పోతాయి. తెలుగు పేరాలకు 1.6 నుంచి మొదలుపెట్టి ఫాంట్‌ను బట్టి సర్దుకోవాలి. శీర్షికలకు, బటన్లకు పిక్సెళ్లలో స్థిరమైన ఎత్తు ఇవ్వకూడదు. ఫాంట్ పేరు చెప్పకపోతే బ్రౌజర్ సిస్టమ్ ఫాంట్‌ను వెతుక్కుంటుంది. విండోస్‌లో అది సాధారణంగా నిర్మల యూఐ. ఒక్కో బ్రౌజర్ వేరే ఫాంట్‌ను ఎంచుకుంటే అక్షరాల ఎత్తూ మారుతుంది.

ప్రశ్న: అందరూ ఒకే ఇంజిన్ వాడితే, అందులో ఒక్క లోపం దొరికినా అందరూ మునిగినట్టేగా?

జవాబు: అవును, ఆ భయం నిజమే. వీ8లో లోపం బయటపడితే క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, వివాల్డీ, ఒపెరా అన్నిటికీ తగులుతుంది. దిద్దుబాటు క్రోమియం కోడ్‌లోకి వచ్చాక ఒక్కో కంపెనీ దాన్ని తన బ్రౌజర్‌లో చేర్చి విడుదల చేయాలి. కోడ్ బహిరంగం కాబట్టి దిద్దుబాటు చూసి లోపం ఎక్కడుందో పసిగట్టడం దుండగులకూ సులువే. ఆ నడిమి కాలమే ప్రమాదం.

మీ వైపు నుంచి ఆ కాలాన్ని పొడిగించేది రీస్టార్ట్ చేయకపోవడం. అప్‌డేట్ దానంతటదే దిగినా, బ్రౌజర్‌ను మూసి తెరిచేదాకా పాత కోడే నడుస్తుంటుంది. వారాల తరబడి యాభై ట్యాబ్‌లు తెరిచి ఉంచేవాళ్లు ఈ సంగతి గమనించాలి. మెనూలో ‘హెల్ప్’ కింద ‘అబౌట్’ తెరిస్తే అప్‌డేట్ ఉందో లేదో అప్పటికప్పుడు చూస్తుంది, రీస్టార్ట్ బటన్ కూడా అక్కడే ఉంటుంది. విండోస్ 7, 8.1లలో ఎడ్జ్ 109 దగ్గరే ఆగిపోయింది. ఆ కంప్యూటర్లకు ఈ సలహా పనికిరాదు, విండోసే మార్చాలి.

ప్రశ్న: ఇంతకుముందు ఎవరైనా ఇలా ఇంజిన్ మార్చారా?

జవాబు: ఒపెరా. నెలకు 30 కోట్లమంది వాడుతున్నారని చెప్పిన 2013 ఫిబ్రవరిలోనే తన ప్రెస్టో ఇంజిన్‌ను వదిలేస్తున్నట్టు ప్రకటించింది. ముందు వెబ్‌కిట్ అన్నది. ఆ ఏప్రిల్‌లో గూగుల్ వెబ్‌కిట్ నుంచి విడిపోయి బ్లింక్ మొదలుపెట్టడంతో దాని వెంటే వెళ్లింది. జులైలో వచ్చిన ఒపెరా 15లో సైట్లు బాగానే తెరుచుకున్నాయి, కానీ బుక్‌మార్కుల విభాగమే లేదు, లోపలి మెయిల్ కూడా పోయింది. ఇంజిన్‌తో పాటు పైపొరనంతా మళ్లీ రాయాల్సి రావడం వల్ల ఇలా జరిగింది. ఒపెరా పాత సారథి తర్వాత మొదలుపెట్టిన వివాల్డీ, అలా పోయిన సౌకర్యాల్లో చాలావాటిని అదే క్రోమియం మీద తిరిగి కట్టింది.

ప్రశ్న: ఎడ్జ్ నేను వాడనే వాడను. అయినా టాస్క్ మేనేజర్‌లో ‘వెబ్‌వ్యూ2’ నడుస్తోంది. తీసేయవచ్చా?

జవాబు: తీసేయకండి. అది బ్రౌజర్ కిటికీ లేని ఎడ్జ్ ఇంజిన్. వేరే ప్రోగ్రాములు తమ లోపల వెబ్ పేజీలు చూపించడానికి దాన్ని వాడుకుంటాయి. తీసేస్తే ఆ ప్రోగ్రాముల్లో లాగిన్ కిటికీలు తెల్లగా నిలబడిపోతాయి. మెమరీ మరీ ఎక్కువ తింటుంటే టాస్క్ మేనేజర్‌లో అది ఏ ప్రోగ్రాము కింద ఉందో చూసి, ఆ ప్రోగ్రామునే మూసేయండి.

ప్రశ్న: ఐఫోన్‌లో ఎడ్జ్ కూడా క్రోమియమేనా?

జవాబు: కాదు, వెబ్‌కిట్. ఐఫోన్‌లో బ్రౌజర్ల పేరు ఏదైనా ఇంజిన్ ఆపిల్‌దే ఉండాలన్నది ఆ కంపెనీ నియమం. 2024 మార్చిలో వచ్చిన ఐఓఎస్ 17.4 నుంచి ఐరోపా సమాఖ్య దేశాల్లో, ఆ తర్వాత జపాన్‌లో మాత్రం వేరే ఇంజిన్లకు అనుమతి ఇచ్చింది. కాబట్టి ఐఫోన్ ఎడ్జ్‌లో ఒక పేజీ చెదిరితే ముందు సఫారీలో తెరిచి చూడండి. అక్కడా అలాగే ఉంటే అది వెబ్‌కిట్‌కు సంబంధించిన తేడా. కంప్యూటర్‌లోని ఎడ్జ్‌తో పోల్చి వెతికితే దొరకదు.